ఎఫ్ 31: చుక్క తర్వాత అంకె ఎవరు రాయాలి?

వెనకాల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి, ఈ ఎండల్లో అది ఆపేసి కూర్చోవడం నా వల్ల కాదు.

కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటుంది. "మేడం, గుండె చార్టులు, షుగర్ చార్టులు బానే చేస్తున్నాం, సైకియాట్రీ చార్ట్ రాగానే చెయ్యి ఆగిపోతోంది" అని. అందులోనూ బైపోలార్ అంటే మరీ. సరే, ఇవాళ అదే మాట్లాడుకుందాం. కోడ్లన్నీ వరసగా చదివి వినిపించను, అవి పుస్తకంలో ఉన్నాయి. ఆ కోడ్ దగ్గర మనం ఎక్కడ తప్పు చేస్తామో, ఆ తప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెబుతాను. చివర్లో మా ఇంటి సంగతి కూడా ఒకటి ఉంది. మా తమ్ముణ్ణి అడిగి, వాడు సరేనన్నాకే చెబుతున్నాను.

కోడింగ్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో డాక్టర్ పేషెంట్‌ని చూసి నోట్ రాస్తాడు. ఆ నోట్ చదివి, అందులోని జబ్బుల్ని, చేసిన పనుల్ని కోడ్లుగా మార్చేది మనం. ఆ కోడ్లను బట్టే ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు కడతారు. ఈ పని హైదరాబాద్‌లో చాలా జరుగుతుంది. అమీర్‌పేటలో బోర్డులు చూసే ఉంటారు. నేను బీఫార్మసీ చదివి ఇందులోకి వచ్చాను. జబ్బులకు అక్కడ వాడే పుస్తకం ఐసీడీ-10-సీఎం. 2015 అక్టోబర్ 1 నుంచి అమెరికాలో అదే నడుస్తోంది. మానసిక సమస్యలన్నీ అందులో ఎఫ్ అక్షరం కింద ఉంటాయి. బైపోలార్ నంబర్ ఎఫ్ 31.

ముందు జబ్బు సంగతి. మనం మామూలుగా "వాడు బైపోలార్ రా బాబూ, పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట" అనేస్తుంటాం. అది కాదు. పూటకోలా ఉండేది మనందరి మూడ్. మేనియా అంటే, డాక్టర్లు పెట్టుకున్న లెక్క ప్రకారం, కనీసం వారం రోజుల పాటు, రోజులో ఎక్కువ భాగం మనిషి విపరీతమైన హుషారులోనో చిరాకులోనో ఉండిపోవాలి. నిద్ర రాకపోవడం కాదు, నిద్ర అవసరమే అనిపించదు. మాట ఆగదు, ఖర్చు ఆగదు. ఆస్పత్రిలో చేర్చాల్సినంత ముదిరితే వారం కూడా చూడక్కర్లేదు. అంత తీవ్రం కాకుండా, కనీసం నాలుగు రోజులు ఉంటే దాన్ని హైపోమేనియా అంటారు. రెండో వైపున డిప్రెషన్. ఈ మధ్యలో చాలామందికి నెలలు, ఏళ్లు మామూలుగా గడుస్తాయి. ఆ మామూలు రోజుల్ని గుర్తుపెట్టుకోండి, మన కథంతా వాటి చుట్టూనే.

ఇప్పుడు కోడ్ చూడండి. షుగర్ కోడ్‌లో చుక్క తర్వాత అంకె కిడ్నీ దెబ్బతిందా, కన్ను దెబ్బతిందా అని చెబుతుంది. బైపోలార్‌లో చుక్క తర్వాత అంకె అడిగేది వేరే ప్రశ్న: ఈ మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడు? ఎఫ్ 31.0 అంటే ఇప్పుడు హైపోమేనియాలో ఉన్నాడు. 31.1 లో మేనియా, అందులో మళ్లీ తక్కువా, మధ్యస్థమా, తీవ్రమా అని ఇంకో అంకె. 31.2 అంటే తీవ్రమైన మేనియాతో పాటు లేనివి వినిపించడం, కనిపించడం లాంటి సైకోటిక్ లక్షణాలు. 31.3, 31.4, 31.5 డిప్రెషన్ వైపు. 31.6 రెండూ కలిసినది. 31.7 అంటే రెమిషన్, అంటే జబ్బు నెమ్మదించిన దశ. పూర్తిగానా, కొంతవరకేనా అన్నది కూడా అక్కడే చెప్పాలి. 31.9 అంటే బైపోలార్ ఉంది, అంతకుమించి ఏమీ తెలియదు.

ఇదే నాకు ఈ కోడ్‌లో నచ్చేది. జబ్బు పేరు చెప్పి ఊరుకోదు, ఇవాళ్టి సంగతి అడుగుతుంది. ఆ ఇవాళ్టి సంగతి రాయాల్సింది డాక్టర్. గొడవంతా ఇక్కడే.

నేను చేసిన తప్పు చెబుతాను. చేరిన రెండో నెల. ఒక క్లినిక్ నోట్ వచ్చింది, వివరాలు మార్చే చెబుతున్నాను. చిన్న వయసు అమ్మాయి, చిరాకు, నిద్ర పట్టడం లేదు. మందుల లిస్టులో లామోట్రిజిన్ ఉంది. కింద డాక్టర్ "రూల్ ఔట్ బైపోలార్" అని రాశాడు. నేనేమో ఫార్మసీ చదివినదాన్ని కదా, లామోట్రిజిన్ చూడగానే తెలివి పొంగుకొచ్చింది. బైపోలార్‌కి ఇస్తారుగా, డాక్టర్ కూడా ఆ పేరే రాశాడుగా అని ఎఫ్ 31.9 కొట్టేశాను.

ఆడిట్‌లో దొరికింది. మా టీమ్ లీడ్ అరవలేదు. పక్కన కూర్చోబెట్టి, "లామోట్రిజిన్ ఫిట్స్‌కి కూడా ఇస్తారు కదమ్మా?" అన్నారు. అవును, ఇస్తారు. నాలుగేళ్లు చదివింది అదే. "రూల్ ఔట్ అంటే ఏంటి?" అంటే, అనుమానం ఉంది, అవునో కాదో ఇంకా చూడాలి అని. అమెరికా గైడ్‌లైన్స్‌లో దీనికి స్పష్టమైన రూల్ ఉంది. ఓపీ చార్ట్‌లో "ప్రాబబుల్", "సస్పెక్టెడ్", "రూల్ ఔట్" లాంటి మాట ఉంటే ఆ జబ్బును కోడ్ చేయకూడదు. ఖాయంగా తెలిసిన లక్షణాల వరకే ఆగాలి. చిరాకుకు ఆర్ 45.4, నిద్ర పట్టకపోవడానికి జీ 47.00, అంతే. ఆస్పత్రిలో చేరి డిశ్చార్జి అయిన ఇన్‌పేషెంట్ చార్ట్‌లో మాత్రం డిశ్చార్జి నాటికి "ప్రాబబుల్" అని మిగిలితే, ఉన్నట్టుగానే కోడ్ చేయవచ్చు. ఈ తేడా పరీక్షలో కూడా తిప్పి తిప్పి అడుగుతారు.

"ఆ అమ్మాయికి బైపోలార్ లేదని తేలితే, నువ్వు కొట్టిన కోడ్‌ని ఆమె రికార్డులోంచి ఎవరు తీస్తారు?" అని అడిగారు మా లీడ్. నా దగ్గర జవాబు లేదు. ఒకసారి ఇన్సూరెన్స్ దాకా వెళ్లిన కోడ్‌ని వెనక్కి లాగడం ఎంత కష్టమో తర్వాత తర్వాత తెలిసింది.

కాబట్టి మందును చూసి జబ్బును కోడ్ చేయొద్దు. లిథియం అయినా సరే. డాక్టర్ తన నోట్‌లో జబ్బు పేరు చెప్పాలి, మనం దాన్ని కోడ్ చేయాలి.

ఇప్పుడు దీనికి తలకిందులు కేసు. ఇది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. నోట్ పైభాగంలో ఇలా ఉంటుంది: రాత్రి ఏడు గంటలు నిద్రపోతోంది, ఉద్యోగానికి తిరిగి వెళ్తోంది, మూడ్ యూథైమిక్. యూథైమిక్ అంటే ఎటూ ఒరగకుండా మామూలుగా ఉందని. చదువుతుంటే మనకే సంతోషమేస్తుంది. కిందికొచ్చి అసెస్‌మెంట్ చూస్తే "బైపోలార్ వన్, ప్రస్తుత ఎపిసోడ్ మేనియా, తీవ్రం". పోయిన విజిట్ నోట్ తీస్తే అదే లైను. అంతకుముందు విజిట్‌లోనూ అదే, కామా కూడా మారకుండా. అర్థమైంది కదా? మొదటిసారి ఆస్పత్రిలో చేరినప్పుడు ఎవరో రాసిన లైను, కాపీ పేస్టులో తేలుకుంటూ వస్తోంది. మనిషి ఎప్పుడో బయటపడింది. కాగితం మాత్రం ఇంకా మేనియాలోనే ఉంది.

మరి మనం ఏం చేయాలి? "మామూలుగా ఉంది కాబట్టి రెమిషన్" అని 31.74 కొట్టొచ్చా? కొట్టకూడదు. రెమిషన్ అన్నది డాక్టర్ తేల్చాలి. పూర్తి రెమిషన్ అనడానికి రెండు నెలలుగా చెప్పుకోదగ్గ లక్షణాలేవీ ఉండకూడదని డీఎస్ఎం-5 పుస్తకంలో ఉంది. ఒక్క విజిట్‌లో "ఏడు గంటల నిద్ర" అని చదివి దాన్ని మనం లెక్కగట్టలేం. పోనీ కళ్లు మూసుకుని తీవ్రమైన మేనియా అని కొట్టేద్దామా? పై భాగానికీ కింది భాగానికీ పొత్తు కుదరనప్పుడు అదీ తప్పే.

మిగిలింది క్వెరీ. అంటే డాక్టర్‌కి రాతపూర్వకంగా ప్రశ్న పంపడం. ఈ క్వెరీ రాయడం ఒక కళ, మామూలుగా ఎవరూ సరిగ్గా నేర్పరు. "రెమిషన్ అని రాస్తారా?" అని అడగకూడదు, అది జవాబును నోట్లో పెట్టడం. నోట్‌లో ఉన్నది ఉన్నట్టు ఎత్తి చూపించి, "ప్రస్తుత స్థితి స్పష్టం చేయగలరు" అని, కొన్ని ఆప్షన్లు ఇచ్చి, వాటితో పాటు "వేరే ఏదైనా", "ఇప్పుడు చెప్పలేం" అన్నవి కూడా పెట్టాలి. ఏ ఆప్షన్‌కి డబ్బు ఎక్కువ వస్తుందో అందులో ఎక్కడా కనపడకూడదు.

డబ్బు ఎందుకొచ్చిందంటే, అమెరికాలో పెద్దవయసు వాళ్ల మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లకు, పేషెంట్‌కి ఉన్న జబ్బుల్ని బట్టి ప్రభుత్వం కట్టే మొత్తం పెరుగుతుంది. రిస్క్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. బైపోలార్ ఆ లెక్కలోకి వస్తుంది. జబ్బును ఏటా కొత్తగా నోట్‌లో చూపించాలి. అందుకని "ఇంకో కోడ్ దొరుకుతుందేమో చూడు" అనే ఒత్తిడి ఉంటుంది. ఉత్తి లిస్టులో పేరు ఉంటే చాలదు, డాక్టర్ ఆ రోజు దాన్ని గమనించాడా, అంచనా వేశాడా, మందు ఇచ్చాడా అన్నది నోట్‌లో కనపడాలి. లేని జబ్బుకు డబ్బు వసూలు చేస్తే అక్కడ ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద కేసులు పడతాయి.

ఇంకో మూడు చిన్న గుంటలు, గబగబా చెప్పేస్తా. బైపోలార్ టూ అని ఉంటే ఎఫ్ 31.81, పక్కన డిప్రెషన్ తీవ్రం అని ఉన్నా సరే, దానికి వేరే అంకె లేదు. "హిస్టరీ ఆఫ్ బైపోలార్" అని రాసి, కిందేమో లిథియం కొనసాగించమంటే క్వెరీ పంపండి. కోడింగ్ భాషలో హిస్టరీ అంటే ఇప్పుడు లేదు, మందూ లేదు అని. డాక్టర్లు మాత్రం "చాన్నాళ్లుగా ఉంది" అనే అర్థంలో వాడేస్తుంటారు. మూడోది, ఒకే నోట్‌లో బైపోలార్, మేజర్ డిప్రెషన్ రెండూ ఉంటే రెండూ కొట్టేయకండి. ఎఫ్ 31 కింద ఎక్స్‌క్లూడ్స్ 1 చూడండి, ఎఫ్ 32, ఎఫ్ 33 అక్కడే ఉంటాయి. ఒకసారి మేనియా వచ్చిందంటే వెనకటి డిప్రెషన్ కూడా బైపోలార్ ఖాతాలోకే పోతుంది.

ఈ ఆఖరి మాట నాకు పుస్తకంలో కన్నా ముందు ఇంట్లోనే తెలిసింది.

మాది నరసరావుపేట. తమ్ముడు ఇంటర్ సెకండియర్‌లో ఉండగా మంచం దిగలేదు, రెండు నెలలు. అప్పుడు కాగితం మీద డిప్రెషన్ అనే ఉంది. తగ్గింది, ఇంజినీరింగ్‌లో చేరాడు. సెకండియర్‌లో ఒక సెప్టెంబర్‌లో హాస్టల్ నుంచి ఫోన్. ఆరు రోజులుగా నిద్రపోలేదట. కనిపించినవాళ్లందరితో కంపెనీ పెడుతున్నానని చెబుతున్నాడట, అమ్మ ఇచ్చిన ఫీజు డబ్బుతో పన్నెండు ఫోన్లు కొన్నాడట. తనకు మాత్రమే ఎవరో సూచనలు పంపిస్తున్నారని నమ్ముతున్నాడు. ఆస్పత్రిలో చేర్చాం. మూడు వారాలు. డిశ్చార్జి సమ్మరీ మీద "బీపీఏడీ, ప్రస్తుత ఎపిసోడ్ మేనియా, సైకోటిక్ లక్షణాలతో" అని ఉంది. మన దగ్గర డాక్టర్లు బీపీఏడీ అని రాస్తుంటారు, బైపోలార్ ఎఫెక్టివ్ డిజార్డర్. మన దగ్గర నడిచేది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ, అమెరికా సీఎం కాదు. అందులోనూ ఇది ఎఫ్ 31.2. ఆ రోజుకు అది నిజం. నేను దాన్ని తప్పనను.

మళ్లీ జూన్ వచ్చింది. వాడు ఇంట్లో మామూలుగా ఉన్నాడు, మందులు వేసుకుంటున్నాడు. కాలేజీలో తిరిగి చేరడానికి వెళ్తే మెడికల్ పేపర్స్ అడిగారు. మా దగ్గరున్నది ఆ సమ్మరీ ఒక్కటే, ఇచ్చాం. ఆఫీసులో ఒకాయన చదివి, "సైకోటిక్ అని ఉందమ్మా, హాస్టల్ ఇవ్వలేం, ఇప్పుడు బాగున్నాడని కాగితం తీసుకురండి" అన్నారు. తమ్ముడు పక్కనే ఉన్నాడు. తొమ్మిది నెలల కిందటి కాగితం, ఆ రోజు అక్కడ నిలబడ్డ మనిషి గురించి మాట్లాడుతోంది. కాపీ పేస్టు చార్ట్‌లో నేను రోజూ చూసేది ఇదే కదా అనిపించింది.

మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. బయట కుర్చీలో కూర్చుని నేను మనసులో వాక్యం తయారు చేసుకుంటున్నా: "సార్, కరెంట్‌లీ ఇన్ రెమిషన్ అని రాసివ్వండి." రోజూ ఇంకొకరికి "లీడింగ్ క్వెరీ పంపొద్దు" అని చెప్పేదాన్ని. లోపలికి వెళ్లాక నోరు కట్టుకుని, "సార్, ఇప్పుడు ఎలా ఉన్నాడో చూసి రాయగలరా?" అన్నాను. అంతవరకే.

ఆయన తమ్ముడితో చాలాసేపు మాట్లాడారు. నిద్ర ఎలా ఉందని అడిగారు. "బానే పడుతోంది సార్" అన్నాడు వాడు. నేను వాడి మొహం చూశాను, వాడు నా మొహం చూడలేదు. అప్పటికి వారంగా వాడి గదిలో మూడింటి దాకా లైటు వెలుగుతోంది. కాలేజీ తెరుస్తున్నారని హుషారు అనుకుంది అమ్మ. నేనూ అదే అనుకోవాలనుకున్నాను. ఒక్క మాట మింగేస్తే ఆ కాగితం వచ్చేస్తుంది, సెమిస్టర్ దక్కుతుంది.

"వారం నుంచి నాలుగు గంటలే పడుకుంటున్నాడు సార్" అన్నాను.

డాక్టర్ రెమిషన్ అని రాయలేదు. మందు డోసు మార్చారు, మూడు వారాల్లో రమ్మన్నారు, "చికిత్సలో ఉన్నాడు, పరిశీలన అవసరం" అని రాశారు. ఆ సెమిస్టర్ పోయింది. బస్సులో నరసరావుపేట దాకా వాడు నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అన్నాడు, "నువ్వు నా అక్కవా, ఆడిటర్‌వా?" అని. అమ్మ కూడా ఆ రాత్రి నా వైపు చూడకుండానే అన్నం వడ్డించింది. రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు వాడు. నేను చేసింది సరైనదేనా అని ఆ రెండు నెలల్లో చాలాసార్లు అనుకున్నాను. వాడే చెప్పుకునేలా ఒక్క నిమిషం ఆగి ఉండొచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈసారి మాత్రం ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు. రెండు వారాల్లో నిద్ర దారిలో పడింది.

ఆ ఖాళీ నెలల్లో నేను చట్టం చదివాను. మీకూ పనికొస్తుంది కాబట్టి చెబుతున్నా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, అమల్లోకి వచ్చింది 2018 మే 29న. దాని 25వ సెక్షన్ ప్రకారం పేషెంట్‌కి తన వైద్య రికార్డులు పొందే హక్కు ఉంది. 23వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలు గోప్యంగా ఉంచాలి. 21వ సెక్షన్‌లో ఇంకో ముఖ్యమైన ముక్క ఉంది: ఇన్సూరెన్స్ కంపెనీలు ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలి. ఇప్పుడు ఆలోచిస్తే, కాలేజీకి మొత్తం డిశ్చార్జి సమ్మరీ ఇవ్వాల్సిన పనే లేదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఒక్కటీ అడిగి రాయించుకుని ఉంటే సరిపోయేది. కోడర్‌నై ఉండి నేనే ఆ తప్పు చేశాను. ఇది వింటున్నవాళ్లలో ఎవరికైనా, మీకు గానీ ఇంట్లో వాళ్లకు గానీ నిద్ర, మూడ్ ఇలా అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే, టెలీ మానస్ నంబర్ 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

నవంబర్ చివర్లో మళ్లీ వెళ్లాడు డాక్టర్ దగ్గరికి. ఈసారి ఒక్కడే. నన్ను రావద్దన్నాడు. నిద్ర లెక్కంతా నోట్‌బుక్‌లో రాసుకుని పట్టుకెళ్లాడట, ఏ రోజు ఎన్ని గంటలు అని, తక్కువ పడుకున్న రోజులతో సహా. నేను షిఫ్ట్‌లో ఉన్నాను, వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. సర్టిఫికెట్. "ప్రస్తుతం రెమిషన్‌లో ఉన్నాడు, చదువు కొనసాగించడానికి యోగ్యుడు." కింద వాడి మెసేజ్:

"అక్కా, నా నంబర్ ఇప్పుడెంత?"

"ఎఫ్ 31.7" అని పంపాను.

"పది లోపే మార్కులొచ్చినట్టుంది" అన్నాడు. సరే, ఫ్రెండ్స్, ఈసారికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో సైకోథెరపీ కోడ్లలో నిమిషాల లెక్క చూద్దాం. 37 నిమిషాలకు ఒక కోడ్, 38కి ఇంకో కోడ్ ఎందుకో, అక్కడ మాట్లాడుకుందాం. ఉంటా మరి.